సోర్స్ ఫైల్ పాత్‌ను కంపైలర్ ఎలా చెబుతుంది: ప్రీప్రాసెసర్ మాక్రోలపై సమగ్ర మార్గదర్శి

సీ లేదా సీ++ భాషలో రాసిన ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినప్పుడు లాగ్‌లో మనకు దొరికే మొదటి ఆనవాళ్లు ఒక ఫైల్ పేరు, ఒక లైన్ నంబరు. వాటిని అక్కడికి చేర్చేవి __ఫైల్__, __లైన్__ అనే రెండు ప్రీప్రాసెసర్ మాక్రోలు, అంటే అసలు కంపైల్ మొదలయ్యే ముందే కోడ్‌లో తమ విలువతో భర్తీ అయ్యే పేర్లు. లైన్ నంబరుతో పెద్దగా పేచీ ఉండదు. చిక్కంతా ఫైల్ పేరుతోనే వస్తుంది. ఒక యంత్రంలో "ఖాతా.సి" అని ముక్తసరిగా వచ్చేది, ఇంకో యంత్రంలో హోమ్ డైరెక్టరీ, యూజర్ పేరు, నాలుగు ఫోల్డర్ల పేర్లు మోసుకుని వస్తుంది. అదే ప్రోగ్రాంను బిల్డ్ సర్వర్‌లో కంపైల్ చేస్తే అక్కడి తాత్కాలిక ఫోల్డర్ పేరు బయటపడుతుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో, దాన్ని ఎక్కడ పట్టుకుని సరిచేయాలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

టైప్ చేసేటప్పుడు పొరపాటు పడకుండా ముందే ఒక మాట. ఈ వ్యాసంలో కోడ్‌ను తెలుగు లిపిలోనే చూపుతున్నాను. మాక్రో పేర్లకు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి, వాటి మధ్యనున్న మాటను ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో టైప్ చేయాలి. కంపైలర్ ఆప్షన్లను మాత్రం, పెద్ద అక్షరమని ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.

మొదటి మెట్టు: కంపైలర్ ఏం చెబుతోందో కళ్లారా చూడడం

ఊహించడం కంటే చూడడం మేలు. ఖాతా.సి అనే ఫైల్‌లో ఈ ఒక్క లైన్ రాయండి:

    కాన్స్ట్ చార్ *ఎక్కడ = __ఫైల్__;

ఆ తర్వాత జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లలో ఏదో ఒకదాన్ని పెద్ద అక్షరం "-ఈ" ఆప్షన్‌తో నడపండి. ఆ ఆప్షన్ ఇస్తే కంపైలర్ ప్రీప్రాసెసింగ్ పూర్తిచేసి, ఫలితాన్ని తెరమీద చూపి అక్కడితో ఆగిపోతుంది. ఒకే ఫైల్‌ను మూడు రకాలుగా పిలిచి చూడండి:

    జీసీసీ -ఈ ఖాతా.సి
    జీసీసీ -ఈ ./ఖాతా.సి
    జీసీసీ -ఈ /హోమ్/రవి/బిల్లింగ్/సోర్స్/ఖాతా.సి

మొదటి దానికి "ఖాతా.సి", రెండవ దానికి "./ఖాతా.సి", మూడవ దానికి పూర్తి పాత్ వస్తాయి. డిస్క్ మీద ఉన్నది ఒకే ఫైల్, అయినా మూడు జవాబులు వచ్చాయి. ఈ విషయమంతటికీ మూలం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. __ఫైల్__ చెప్పేది ఫైల్ ఎక్కడ ఉందన్న సంగతి కాదు, కంపైలర్ ఆ ఫైల్‌ను ఏ పాత్ పట్టుకుని తెరిచిందన్న సంగతి. సీ ప్రమాణ పత్రం కూడా దీన్ని ప్రస్తుత సోర్స్ ఫైల్‌కు "ఉన్నట్టు భావించే పేరు" అని మాత్రమే నిర్వచించింది. ఆ పేరు పూర్తి పాత్‌గా ఉండాలా, చివరి పేరు మాత్రమే ఉండాలా అన్నది కంపైలర్లకే విడిచిపెట్టింది. అందువల్ల పాత్ నచ్చనప్పుడు సోర్స్ కోడ్‌ను తిరగరాయడం కంటే, కంపైలర్‌కు ఆ ఫైల్‌ను అందించిన కమాండ్‌ను చూడడం సరైన పద్ధతి.

"-ఈ" ఫలితంలో హాష్ గుర్తుతో మొదలై, ఒక అంకె, కోట్లలో ఒక ఫైల్ పేరు, చివర మరికొన్ని అంకెలు ఉన్న లైన్లు కనిపిస్తాయి. వీటిని లైన్ మార్కర్లు అంటారు. చివరి అంకెల్లో 1 ఉంటే కొత్త ఫైల్‌లోకి ప్రవేశించినట్టు, 2 ఉంటే లోపలి ఫైల్ ముగించుకుని తిరిగి వచ్చినట్టు, 3 ఉంటే అక్కడి నుంచి వచ్చేది సిస్టం హెడర్‌లోని కోడ్ అని అర్థం. ఏ హెడర్ ఏ పాత్ ద్వారా తెరుచుకుందో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన ఆధారం లేదు.

రెండవ మెట్టు: హెడర్ల సంగతి వేరుగా చూడడం

హెడర్ ఫైల్‌లో __ఫైల్__ రాస్తే, ఇంక్లూడ్ లైన్‌లో మీరు రాసిన చిన్న పేరు రాదు. ప్రీప్రాసెసర్ వెతికి తెరిచిన పాత్ వస్తుంది. పెద్ద అక్షరం "-ఐ" ఆప్షన్‌తో ఇచ్చిన ఫోల్డర్‌లో పన్ను.హెచ్ దొరికితే, ఆ ఫోల్డర్ పేరు, ఒక స్లాష్, హెడర్ పేరు కలిసి ఒకే స్ట్రింగ్‌గా వస్తాయి. ఆ ఫోల్డర్‌ను పూర్తి పాత్‌తో ఇచ్చి ఉంటే హెడర్ కూడా పూర్తి పాత్‌తోనే వస్తుంది. సాపేక్షంగా ఇచ్చి ఉంటే సాపేక్షంగానే వస్తుంది. కోట్లతో ఇంక్లూడ్ చేసిన హెడర్ సోర్స్ ఫైల్ పక్కనే ఉంటే, సోర్స్ ఫైల్‌ను ఏ డైరెక్టరీ పేరుతో పిలిచారో అదే పేరు హెడర్‌కూ సంక్రమిస్తుంది. అందుకే ఒకే లాగ్‌లో కొన్ని పేర్లు పొడవుగా, కొన్ని పొట్టిగా కనిపిస్తుంటాయి.

కొత్తవారు తరచుగా తడబడే చోటు ఇంకొకటి ఉంది. హెడర్‌లో ఒక లాగ్ మాక్రోను నిర్వచించి, దాని శరీరంలో __ఫైల్__ రాశారనుకోండి. ఆ మాక్రోను ఏ ఫైల్‌లో వాడితే ఆ ఫైల్ పేరే వస్తుంది, ఎందుకంటే మాక్రో విస్తరించేది వాడిన చోటనే. అదే పని ఇన్‌లైన్ ఫంక్షన్‌తో చేస్తే మాత్రం ఎక్కడి నుంచి పిలిచినా హెడర్ పేరే వస్తుంది. లాగ్ అంతటా ఒకే హెడర్ పేరు కనిపిస్తోందంటే, మాక్రోగా ఉండవలసింది ఎవరో ఫంక్షన్‌గా మార్చారేమో ముందు చూడాలి.

సీ++ వాడేవారు దీనికి సంబంధించి మరొక జాగ్రత్త తీసుకోవాలి. ఇన్‌లైన్ ఫంక్షన్ లోపల __ఫైల్__ ఉండి, ఆ హెడర్‌ను ప్రాజెక్టులోని రెండు భాగాలు రెండు వేర్వేరు పాత్‌ల ద్వారా తెరిస్తే, ఒకే ఫంక్షన్‌కు రెండు భిన్నమైన నిర్వచనాలు ఏర్పడతాయి. ఇది ఒక ఫంక్షన్‌కు ప్రోగ్రాం మొత్తంలో ఒకే నిర్వచనం ఉండాలన్న నియమానికి విరుద్ధం. కంపైల్ అయిన భాగాలను ఒకే ప్రోగ్రాంగా కలిపే లింకర్ సాధారణంగా ఫిర్యాదు చేయదు. రెండింటిలో ఒకదాన్ని ఉంచి రెండవదాన్ని వదిలేస్తుంది.

మూడవ మెట్టు: కమాండ్‌ను రాస్తున్నది ఎవరో కనుక్కోవడం

చేత్తో కంపైల్ చేసేవారు అరుదు. ఆ పని బిల్డ్ సాధనం చేస్తుంది, కాబట్టి __ఫైల్__ విలువను నిజంగా నిర్ణయించేదీ అదే. సీమేక్ సాధారణంగా సోర్స్ ఫైల్‌ను పూర్తి పాత్‌తో కంపైలర్‌కు ఇస్తుంది, అందుకే సీమేక్ ప్రాజెక్టుల లాగ్‌లలో పొడవైన పాత్‌లు మామూలు. మేసన్ బిల్డ్ ఫోల్డర్‌లో నిలబడి, అక్కడి నుంచి సాపేక్ష పాత్ ఇస్తుంది. అందువల్ల పేర్ల ముందు రెండు చుక్కలు, ఒక స్లాష్ కనిపిస్తాయి. చేతితో రాసిన మేక్‌ఫైల్‌లో మీరు ఎలా రాస్తే అలాగే వస్తుంది. మీ సాధనం నిజంగా ఏ కమాండ్ ఇస్తోందో చూడడానికి మేక్‌లో "వెర్బోస్=1" అనీ, నింజాలో "-వి" అనీ ఇవ్వండి. మొదటిది సీమేక్ తయారుచేసిన మేక్‌ఫైల్‌కు వర్తిస్తుంది, దాన్ని పెద్ద అక్షరాలతో టైప్ చేయాలి.

మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ లో దీనికి ప్రత్యేకమైన స్విచ్ ఉంది. పెద్ద అక్షరాలతో "/ఎఫ్‌సీ" ఇస్తే __ఫైల్__ పూర్తి పాత్ ఇస్తుంది, ఇవ్వకపోతే కమాండ్‌లో ఉన్న పాత్ వస్తుంది. అయితే డీబగ్ బిల్డ్‌లో ఎడిట్-అండ్-కంటిన్యూ కోసం వాడే "/జెడ్ఐ" స్విచ్ (ఇదీ పెద్ద అక్షరాలతోనే) తనతోపాటు "/ఎఫ్‌సీ"ని కూడా తెస్తుంది. డీబగ్ బిల్డ్‌లో పొడవుగా ఉన్న పేర్లు రిలీజ్ బిల్డ్‌లో పొట్టిగా మారడానికి ఇదొక కారణం.

నాలుగవ మెట్టు: తోబుట్టువుల్లాంటి ఇతర మాక్రోలు

జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ __బేస్_ఫైల్__ ఉంది. ఇంక్లూడ్‌లు ఎంత లోతుకు వెళ్లినా ఇది కమాండ్‌లో ఇచ్చిన అసలు సోర్స్ ఫైల్ పేరే చెబుతుంది. హెడర్‌లోని కోడ్ ఏ సోర్స్ ఫైల్ తరఫున కంపైల్ అవుతోందో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. __ఇంక్లూడ్_లెవెల్__ ఇంక్లూడ్ లోతును అంకెగా ఇస్తుంది. అసలు సోర్స్ ఫైల్‌లో దాని విలువ 0.

చాలామందికి నిజంగా కావలసింది __ఫైల్_నేమ్__. ఇది డైరెక్టరీలన్నీ తీసేసి చివరి పేరు మాత్రమే ఇస్తుంది. క్లాంగ్‌లో ఇది 9వ వెర్షన్‌లోనూ, జీసీసీలో 2022లో వచ్చిన 12వ వెర్షన్‌లోనూ చేరింది. ఇది ప్రమాణ పత్రంలో లేని మాక్రో, కాబట్టి అది నిర్వచితమై ఉందో లేదో ఇఫ్‌డెఫ్‌తో పరీక్షించి, లేకపోతే __ఫైల్__ వాడేలా సొంత మాక్రో ఒకటి రాసుకోవాలి. ప్రాజెక్టులో ఒకే పేరున్న ఫైళ్లు రెండు ఉంటే మాత్రం దీన్ని వాడమని నేను చెప్పను. నాలుగు ఫోల్డర్లలో నాలుగు మెయిన్.సి ఫైళ్లున్న ప్రాజెక్టులో "మెయిన్.సి, 112వ లైన్" అన్న లాగ్ చూసి, అది ఏ మెయిన్ అని వెతకడంలో నేను ఒక పూట పోగొట్టుకున్నాను.

ఫంక్షన్ పేరు ఇచ్చే __ఫంక్__ ను (దీన్ని మాత్రం చిన్న అక్షరాలతో టైప్ చేయాలి) వీటితో కలిపి వాడతాం కానీ అది మాక్రో కాదు. సీ99 తెచ్చిన ఒక ఐడెంటిఫయర్ మాత్రమే. __ఫైల్__ స్ట్రింగ్ లిటరల్ కాబట్టి పక్కన ఇంకో స్ట్రింగ్ పెడితే రెండూ అతుక్కుంటాయి. __ఫంక్__ పక్కన పెడితే అతుక్కోవు, కంపైలర్ తప్పు చూపుతుంది. __లైన్__ అంకె కాబట్టి దాన్ని స్ట్రింగ్‌గా మార్చాలంటే రెండంచెల మాక్రో కావాలి:

    #డిఫైన్ స్ట్రింగ్‌గా_లోపల(ఎక్స్) #ఎక్స్
    #డిఫైన్ స్ట్రింగ్‌గా(ఎక్స్) స్ట్రింగ్‌గా_లోపల(ఎక్స్)

ఒక్క అంచెతో రాస్తే లైన్ నంబరు బదులు మాక్రో పేరే స్ట్రింగ్‌గా వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే హాష్ గుర్తు తన వెంట వచ్చే ఆర్గ్యుమెంట్‌ను విస్తరించనివ్వదు.

ఐదవ మెట్టు: స్ట్రింగ్‌ను కోసుకునే పాత చిట్కా ఎందుకు చాలదు

__ఫైల్_నేమ్__ రాకముందు నుంచీ అందరూ వాడుతున్న చిట్కా ఒకటుంది: స్ట్రింగ్‌లో చివరి స్లాష్‌ను "ఎస్‌టీఆర్‌ఆర్‌సీహెచ్‌ఆర్" ఫంక్షన్‌తో వెతికి, దాని తర్వాతి అక్షరం నుంచి చూపడం. ఆప్టిమైజేషన్ పెడితే జీసీసీ, క్లాంగ్ ఈ వెతుకులాటను కంపైల్ సమయంలోనే పూర్తిచేస్తాయి, కాబట్టి వేగం గురించి బెంగ అక్కరలేదు. లాగ్ కూడా పొందికగా కనిపిస్తుంది. అయితే ఆ ఫలితం పాత స్ట్రింగ్ మధ్యలోకి చూపే ఒక పాయింటర్ మాత్రమే. స్ట్రింగ్ మొత్తం, అంటే యూజర్ పేరుతో సహా పూర్తి పాత్, బైనరీలో (కంపైల్ అయి తయారైన ప్రోగ్రాం ఫైల్‌లో) యథాతథంగా ఉండిపోతుంది. లాగ్ అందంగా ఉంటే చాలనుకునేవారికి ఈ చిట్కా సరిపోతుంది. పాత్ బయటికి పోకూడదనుకునేవారికి, ఫ్లాష్ మెమరీలో ప్రతి బైటూ లెక్కపెట్టుకునే మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాం రాసేవారికి ఇది పనికిరాదు.

ఆరవ మెట్టు: ప్రిఫిక్స్ మ్యాప్

అసలు పరిష్కారం కంపైలర్ కమాండ్‌లోనే ఉంది. జీసీసీ 8వ వెర్షన్ 2018లో రెండు ఆప్షన్లు తెచ్చింది, క్లాంగ్ 10వ వెర్షన్ నుంచి వాటిని అంగీకరిస్తోంది. మొదటిది -ఎఫ్‌మాక్రో-ప్రిఫిక్స్-మ్యాప్. దీనికి "పాతది=కొత్తది" అని విలువ ఇస్తే, __ఫైల్__, __బేస్_ఫైల్__ విస్తరించేటప్పుడు పాత ప్రిఫిక్స్‌తో మొదలయ్యే పాత్‌లలో ఆ భాగాన్ని తీసి కొత్తదాన్ని పెడుతుంది:

    జీసీసీ -ఎఫ్‌మాక్రో-ప్రిఫిక్స్-మ్యాప్=/హోమ్/రవి/బిల్లింగ్/= -సి /హోమ్/రవి/బిల్లింగ్/సోర్స్/ఖాతా.సి

ఇక్కడ కొత్తది ఖాళీ కాబట్టి __ఫైల్__ విలువ "సోర్స్/ఖాతా.సి" అవుతుంది. లినక్స్ కెర్నల్ తన మేక్‌ఫైల్‌లో ఈ ఆప్షన్‌నే వాడుతుంది. కెర్నల్‌ను వేరే ఫోల్డర్‌లో బిల్డ్ చేసినా హెచ్చరికల్లో పేర్లు సోర్స్ చెట్టు మొదలు నుంచి లెక్కించినట్టు వస్తాయి.

రెండవది -ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్. ఇది మాక్రోలతోపాటు డీబగ్ సమాచారంలోని పాత్‌లను కూడా మారుస్తుంది. డీబగ్ సమాచారాన్ని మాత్రమే మార్చే -ఎఫ్‌డీబగ్-ప్రిఫిక్స్-మ్యాప్ జీసీసీలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. దాన్ని ఒక్కదాన్నే ఇచ్చి, బైనరీలో పాత్ ఇంకా ఎందుకుందని ఆశ్చర్యపోయేవారు కనిపిస్తుంటారు. అది __ఫైల్__ జోలికి పోదు.

ఈ ఆప్షన్లు ఏ తెలివీ ప్రదర్శించవు, అక్షరాలను పోలుస్తాయి అంతే. ఈ ఒక్క సంగతి నుంచి నాలుగు జాగ్రత్తలు పుడతాయి.

పాత ప్రిఫిక్స్ చివర స్లాష్ లేకుండా /హోమ్/రవి/బిల్లింగ్ అని రాస్తే, పక్కనున్న /హోమ్/రవి/బిల్లింగ్-పాత ఫోల్డర్‌లోని పాత్‌లు కూడా దానికి సరిపోయి, తలలేని వింత పేర్లుగా మారతాయి. అందుకే స్లాష్ పెట్టడం మంచిది. అయితే డీబగ్ సమాచారంలో కంపైల్ జరిగిన డైరెక్టరీ పేరు చివర స్లాష్ లేకుండా నమోదవుతుంది. స్లాష్‌తో ఇచ్చిన ప్రిఫిక్స్ దానికి సరిపోదు, ఆ ఒక్క పాత్ బైనరీలో మిగిలిపోతుంది. కాబట్టి మాక్రో ఆప్షన్‌కు స్లాష్‌తోనూ, ఫైల్ ఆప్షన్‌కు స్లాష్ లేకుండా "=." అనీ ఇవ్వడం నా అలవాటు. డెబియన్ ప్యాకేజీల బిల్డ్ ఆప్షన్లు కూడా ఈ రెండవ రూపాన్నే వాడతాయి. అప్పుడు పేర్లు చుక్క, స్లాష్‌తో మొదలవుతాయి, దానివల్ల నష్టమేమీ లేదు.

సింబాలిక్ లింక్ ద్వారా ఫోల్డర్‌లోకి వెళ్లి బిల్డ్ చేస్తే, మీరిచ్చిన ప్రిఫిక్స్ ఒకటి, కంపైలర్ చూసిన పాత్ మరొకటి కావచ్చు. ఆ పరిస్థితిలో రెండు రూపాలకూ రెండు మ్యాప్‌లు ఇవ్వాలి.

ఒకటి కంటే ఎక్కువ మ్యాప్‌లు ఇచ్చినప్పుడు జీసీసీ చివర ఇచ్చినదాన్ని ముందు పరీక్షిస్తుంది. బిల్డ్ ఫోల్డర్ సోర్స్ ఫోల్డర్ లోపలే ఉంటే, సోర్స్ ఫోల్డర్ మ్యాప్‌ను ముందు, బిల్డ్ ఫోల్డర్ మ్యాప్‌ను తర్వాత రాయండి.

నాలుగవది టెస్టుల విషయం. కొన్ని టెస్టులు తమ డేటా ఫైళ్లను __ఫైల్__ ఆధారంగా వెతుక్కుంటాయి. క్యూటీ లైబ్రరీలోని క్యూఫైండ్‌టెస్ట్‌డేటా మాక్రో అలా చేస్తుంది. ప్రిఫిక్స్ మారితే అవి దారి తప్పుతాయి. __ఫైల్__ ను డేటా ఫోల్డర్ చిరునామాగా వాడడమే పొరపాటని నా అభిప్రాయం. ఆ ఫోల్డర్‌ను బిల్డ్ సాధనమే పెద్ద అక్షరం "-డి" ఆప్షన్‌తో వేరే మాక్రోగా టెస్టులకు మాత్రమే అందించాలి.

సీమేక్‌లో ఈ మ్యాప్‌ను "యాడ్_కంపైల్_ఆప్షన్స్" ద్వారా ప్రాజెక్టు సోర్స్ డైరెక్టరీ వేరియబుల్‌తో కలిపి ఒక్కసారి రాస్తే చాలు. పాత్‌ను చేత్తో రాయకండి. మీ యంత్రంలో పనిచేసే మ్యాప్ సహోద్యోగి యంత్రంలో పనిచేయకపోవడం అక్కడే మొదలవుతుంది. డీబగ్ పాత్‌లు మార్చాక జీడీబీ డీబగ్గర్‌కు సోర్స్ దొరక్కపోతే, "సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్" కమాండ్‌తో కొత్త ప్రిఫిక్స్‌కు మీ యంత్రంలోని ఫోల్డర్‌ను జతచేయండి.

ఏడవ మెట్టు: లైన్ డైరెక్టివ్

బైసన్, ఫ్లెక్స్ వంటి సాధనాలు తాము పుట్టించే సీ ఫైల్‌లో #లైన్ డైరెక్టివ్‌లు రాస్తాయి. వాటివల్ల __ఫైల్__, __లైన్__ రెండూ పుట్టించిన ఫైల్‌ను కాక, మీరు రాసిన వ్యాకరణ ఫైల్‌ను చూపుతాయి. "ఉన్నట్టు భావించే పేరు" అని ప్రమాణ పత్రం జాగ్రత్తగా అనడానికి కారణం ఇదే. సొంతంగా కోడ్ పుట్టించే సాధనం రాసేవారు రెండు విషయాలు గమనించాలి. #లైన్‌లోని ఫైల్ పేరు మామూలు స్ట్రింగ్ నియమాలకు లోబడుతుంది, అంటే విండోస్ పాత్‌లోని బ్యాక్‌స్లాష్ తర్వాత "ఎన్" అక్షరం వస్తే జీసీసీ దాన్ని కొత్త లైన్‌గా చదువుతుంది. ముందుకు వాలిన స్లాష్‌లు వాడితే ఈ బాధ ఉండదు. రెండవది, #లైన్ పేరు మార్చినంత మాత్రాన కోట్లతో ఇంక్లూడ్ చేసిన హెడర్లను వెతికే ఫోల్డర్ మారదు.

ఎనిమిదవ మెట్టు: సీ++20 వాడేవారికి

సీ++20 లోని "ఎస్‌టీడీ::సోర్స్_లొకేషన్" మాక్రోల అవసరాన్ని చాలావరకు తీరుస్తుంది. లాగ్ ఫంక్షన్ చివరి పారామీటర్‌కు డిఫాల్ట్ విలువగా దాని "కరెంట్" ఫంక్షన్‌ను పెడితే, పిలిచిన చోటి ఫైల్, లైన్, ఫంక్షన్ పేర్లు అందుతాయి. రెండవ మెట్టులో చెప్పిన ఇన్‌లైన్ ఫంక్షన్ చిక్కు ఇక్కడ ఉండదు. అయితే అది ఇచ్చే ఫైల్ పేరు కూడా కంపైలర్ తెరిచిన పాతే. జీసీసీలో మాక్రో ప్రిఫిక్స్ మ్యాప్ దీనికీ వర్తిస్తుంది.

తొమ్మిదవ మెట్టు: బైనరీలో వెతికి నిర్ధారించుకోవడం

అన్నీ చేశాక తయారైన బైనరీ మీద "స్ట్రింగ్స్" సాధనాన్ని నడిపి, ఫలితంలో మీ హోమ్ డైరెక్టరీ పేరును "గ్రెప్"తో వెతకండి. సోర్స్‌లో ఎక్కడా __ఫైల్__ రాయకపోయినా పాత్‌లు కనిపించవచ్చు, ఎందుకంటే ప్రతి అసర్ట్ మాక్రో తన లోపల __ఫైల్__ ను విస్తరిస్తుంది. "ఎన్‌డీబగ్" (ఇదీ పెద్ద అక్షరాలతోనే, అండర్‌స్కోర్లు లేకుండా) నిర్వచించి కంపైల్ చేస్తే అసర్ట్‌లతోపాటు ఆ స్ట్రింగులు కూడా పోతాయి. ఆ తర్వాత కూడా మిగిలినవి చాలావరకు మ్యాప్ లేకుండా కంపైల్ అయిన బయటి స్టాటిక్ లైబ్రరీలవే అయి ఉంటాయి. వాటిని అదే ఆప్షన్‌తో మళ్లీ బిల్డ్ చేయడం తప్ప వేరే మార్గం లేదు.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ప్రాజెక్టును పొడవు తేడా ఉన్న రెండు ఫోల్డర్లలోకి కాపీ చేసి, రెండు చోట్లా ఒకే కంపైలర్‌తో బిల్డ్ చేసి, రెండు బైనరీలను "సీఎంపీ" సాధనంతో పోల్చండి. తేడా వస్తే, కారణం పాత్ కాక కంపైల్ చేసిన తేదీ, సమయం చెప్పే __డేట్__, __టైమ్__ మాక్రోలు కూడా కావచ్చు. జీసీసీ 7వ వెర్షన్ నుంచి "సోర్స్_డేట్_ఈపాక్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ఇదీ పెద్ద అక్షరాలతోనే) ఒక స్థిరమైన సంఖ్య ఇస్తే ఆ రెండూ స్థిరపడతాయి. అలా స్థిరపరిచి మళ్లీ పోల్చినప్పుడు సీఎంపీ ఏమీ చెప్పకుండా ముగిసిందంటే, ఆ రెండు ఫోల్డర్లలో దేని పాతూ బైనరీలోకి చేరలేదని నిశ్చయించుకోవచ్చు.